దుర్యోధనుడు వేసుకున్న లెక్క

మార్గశిరం వచ్చిందంటే మా విశాఖలో గురువారాలు బురుజుపేట అమ్మవారి దర్శనం, ఏకాదశికి గీతా పారాయణం. సంతోషమే. కానీ మా సీతమ్మధారలో కూడా కొందరు మొదటి అధ్యాయం గబగబా లాగించేసి, "అసలు గీత రెండో అధ్యాయం నుంచే" అంటుంటే మనసు చివుక్కుమంటుంది.

ఆ మొదటి అధ్యాయంలో దుర్యోధనుడి మాటలు తొమ్మిది శ్లోకాలు. అధ్యాయంలో ఎనిమిదో శ్లోకం చూడండి: "భవాన్ భీష్మశ్చ కర్ణశ్చ కృపశ్చ సమితింజయః". తనవి 11 అక్షౌహిణులు, అవతల 7. ఆ ధీమాతో ద్రోణుడి ముందు పేర్లు చదువుతున్నాడు. భీష్ముడేమో పాండవుల్ని చంపనని, శిఖండి మీద బాణం వేయనని ముందే చెప్పేశాడు. తనను అర్ధరథుడు, అంటే సగం యోధుడే అన్నాడని అలిగిన కర్ణుడు ఆ తాత పడేదాకా యుద్ధానికే రానన్నాడు. అంటే మొదటి పది రోజులూ ఆ పేరు లెక్కలోనే ఉంది, రణంలో లేదు. అదే శ్లోకంలో వికర్ణుడు! నూరుగురు అన్నదమ్ముల్లో ద్రౌపది పక్షాన సభలో నోరు విప్పినవాడు అతనొక్కడే. ద్రోణుడు తనను చంపడానికి పుట్టిన ధృష్టద్యుమ్నుడికి తానే విద్య నేర్పాడు. ఇవన్నీ దుర్యోధనుడికి తెలుసు. తెలిసీ, "మదర్థే త్యక్తజీవితాః" అన్నాడు. అందరూ తన కోసం ప్రాణాలకు తెగించి వచ్చారట.

ఇక అవతలివాళ్లలో సాత్యకి నుంచి ఉపపాండవుల దాకా పేర్లు చెప్పాడు. కృష్ణుడి పేరు లేదు. అక్కడికి వచ్చేసరికి నాకు కళ్లు చెమరుస్తాయి. ద్వారకలో సేన తనకు దక్కిందని పొంగిపోయి వచ్చినవాడు కదా! రాయబారం నాడు విశ్వరూపం చూపించినా లాభం లేకపోయింది. ఆయుధం పట్టనివాడు అతని లెక్కకు ఆనలేదు.

మా బంధువుల్లో ఇద్దరు అన్నదమ్ములు స్థలం కోసం కోర్టుకెక్కారు. "పెద్దవాళ్లంతా మన వైపే, టెన్షన్ ఎందుకు" అనేవాడు అన్న. చివరికి ఆయన ఇంట్లోనే తింటున్న మేనమామ బోనెక్కి తమ్ముడి వాటా నిజమేనని చెప్పాడు. ఆ మేనమామను నేను తప్పుపట్టలేను. అన్నం ఇక్కడ, మనసు అక్కడ. భీష్ముడిదీ అదే బాధ.

ఇలాంటి గొడవల్లో ఉన్నవాళ్లకు చేతులు జోడించి చెబుతున్నాను. ధర్మరాజు చివరికి అయిదూళ్లే అడిగాడు. మీ తమ్ముడు అడుగుతున్నదెంతో ఒకసారి నిదానంగా వినండి. వాయిదాకి ఇంకా టైం ఉంది. ఈ రాత్రే ఫోన్ చేయండి.