ఎనిమిది అడుగుల అనంతగిరి

1988 డిసెంబరులో మన హైస్కూల్లో జరిగిన సైన్స్ ఎగ్జిబిషన్ గుర్తున్నవాళ్ళకి తొమ్మిదో తరగతి బి సెక్షన్ బల్ల మీద పెట్టిన రైలు కూడా గుర్తుండే ఉంటుంది. నలుగురం కలిసి చేశాం. అట్టపెట్టెల బోగీలు, వెదురు పుల్లల పట్టాలు, థర్మోకోల్ కొండ, కొండలో సొరంగం. కొండకి ఆకుపచ్చ పోస్టర్ కలర్ రెండు సీసాలు ఖర్చుపెట్టాం. అగరొత్తి పుల్లలకి దూది చుట్టి, అదే రంగులో ముంచి నిలబెడితే అవే చెట్లు.

ఎగ్జిబిషన్‌కి ఇంకా రెండు వారాలుందనగా మన డ్రాయింగ్ మాస్టారు చూడ్డానికి వచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని బల్ల చుట్టూ ఒకసారి తిరిగారు.

"ఏట్రా ఇది?"

"అనంతగిరి ఘాట్ మాస్టారూ. కొత్తవలస-కిరండోల్ కె.కె. లైను."

"ఘాట్లో ఈ పచ్చ ఎక్కడ చూసావురా?"

జవాబు రాలేదు. ఎస్.కోటలో, అంటే శృంగవరపుకోటలో, పుట్టినవాణ్ణి. స్టేషను ఎదురుగా నాన్న టీ బడ్డీ. పొద్దున కిరండోల్ పాసింజరు వెళ్ళడం చూడకుండా ఏనాడూ బడికి వచ్చినవాణ్ణి కాను. బొడ్డవర దాటాక రైలు ఎక్కే ఆ కొండలు మా వీధిలోంచే కనిపిస్తాయి. అయినా ఆ పచ్చ ఎక్కడుందో చెప్పలేకపోయాను.

ఆ ఆదివారం మాస్టారు తన డబ్బులతో నలుగురికీ టిక్కెట్లు కొని బొర్రా గుహలు స్టేషను దాకా తీసుకెళ్ళారు. గుహలు చూడ్డానికి కాదు. ప్రతివాడి చేతిలో ఒక నోట్సు, ఒక పెన్సిలు. "కనిపించిన ప్రతి పచ్చకీ ఒక పేరు రాయండి, సాయంత్రం నేను లెక్కపెడతాను" అన్నారు. శివలింగాపురం దాటేదాకా నా పేజీలో "పచ్చ", "ముదురు పచ్చ" తప్ప ఏమీ లేవు. త్యాడ దగ్గర బండి చాలాసేపు ఆగింది. అక్కడ పట్టాల కోసం కొండని కోసిన కట్టింగ్ గోడ మీద పాచి చూశాను. నీళ్ళు కారే చోట ఒక రంగు, ఎండిన చోట ఇంకో రంగు. ఆ తర్వాత రాయడం ఆపలేదు. వేప చిగురు, ముసలి మావిడాకు, అరటి దొప్ప లోపలివైపు, చిలక రెక్క, దుమ్ము పట్టిన ఆకు, ఎండుతున్న గడ్డి మొదలు. చిమిడిపల్లి దగ్గర లోయకి అవతల కొండ చూపించి మాస్టారు అడిగారు, "అదేం రంగురా?" అక్కడా చెట్లే ఉన్నాయి కాబట్టి పచ్చే అన్నాను. "తెలిసింది చెప్పకు, కనిపించింది చెప్పు" అన్నారు. చూస్తే అది నీలం. అచ్చమైన నీలం. నా కళ్ళతో నేను మొదటిసారి చూసినది ఆ కొండే అనిపిస్తుంది నాకు.

తిరిగి వచ్చాక ఆ రెండు సీసాల రంగు మొత్తం గీకేశాం. కింద నేల కోసం నాన్న బడ్డీలో వాడేసిన టీ పొడి తెచ్చి, మైదా జిగురు పూసి చల్లాం. ఎండుటాకులు కుళ్ళిన అడవి నేల ఎలా ఉంటుందో అచ్చం అలాగే వచ్చింది. పొడి పూర్తిగా ఎండలేదని మాకు తెలియదు. దుమ్ము పడకుండా పైన పాలిథిన్ కవరు కప్పి నాలుగు రోజులు వదిలేశాం. ఎగ్జిబిషన్ పొద్దున కవరు తీస్తే కొండంతా తెల్లగా బూజు. నాకు ఏడుపొచ్చింది. ఉన్నంతలో గీకి, మళ్ళీ చల్లి, తడి కనిపించకుండా చేస్తుంటే మాస్టారు వచ్చి, పడిపోయిన చెట్టు అని మేం పెట్టిన పుల్ల దగ్గర వంగారు. దాని మీద కూడా బూజు ఉంది. "ఇది మాత్రం తియ్యకురా. పుచ్చిన మానుకి ఇలాగే ఉంటాది" అన్నారు. మాకు ప్రైజు రాలేదు. కానీ ఆ పుల్లని చాలామంది వేలు పెట్టి చూపించారు.

తర్వాత పాలిటెక్నిక్, హైదరాబాదు, ఎలక్ట్రానిక్స్ సర్వీసింగ్. మళ్ళీ రైలు జోలికి రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. పని మీద పుణే వెళ్ళినప్పుడు కొత్రూడ్‌లో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం చూశాను. 1998 నుంచి నడుస్తోంది అది. రైళ్ళు, సిగ్నళ్ళు, వీధి దీపాలు అన్నీ వాటంతట అవే పనిచేస్తుంటే పక్కనున్న పిల్లలంతా ఇంజన్ల వెంట పరిగెత్తారు. నేను కొండల దగ్గర ఆగిపోయాను. ఇంటికొచ్చి ఎనిమిది అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ప్లైవుడ్ షీటు కొన్నాను.

నేను పనిచేసే స్కేలుని హెచ్.ఓ. అంటారు. అసలు వస్తువులో 87వ వంతు. అయిదున్నర అడుగుల మనిషి ఇందులో 19 మిల్లీమీటర్లు. ఎనిమిది అడుగుల బల్ల అంటే అసలు నేల మీద దాదాపు 212 మీటర్లు. కొత్తవలస నుంచి కిరండోల్ దాకా ఉన్న లైనులో, యాభై ఎనిమిది సొరంగాల్లో, నాకు దక్కేది అంతే. జపాన్‌కి బైలదిల ఇనుప ఖనిజం పంపడం కోసం 1960లలో వేసిన లైను అది. వెయ్యి మీటర్లకి కాస్త తక్కువ ఎత్తులో శిమిలిగూడ దాకా ఎక్కి అవతలికి దిగుతుంది. ఏది పెట్టాలి, ఏది వదలాలి అని నెలన్నర ఆలోచించాను. చివరికి ఒక సొరంగం నోరు, ఒక వంపు, ఒక వంతెన, ఆ మూల చిన్న ప్లాట్‌ఫారం ఉంచుకున్నాను. రైలు వంపు తిరిగి సొరంగంలోకి పోతే చాలు, మిగతా దారి చూసేవాళ్ళ మనసులో పడుతుంది. పట్టాల విషయంలో ఒక రాజీ పడ్డాను. హెచ్.ఓ. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1676ని 87తో భాగిస్తే 19 దాటుతుంది. ఆ తేడా నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

కొండ కట్టడం పెద్ద కష్టం కాదు. థర్మోకోల్ ముక్కలు పేర్చి, పైన జాలీ వంచి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన బ్యాండేజీ గుడ్డ రెండు పొరలు వేస్తే గట్టిపడుతుంది. అసలు పని ఆ తెల్ల కొండ ముందు కూర్చున్నప్పుడు మొదలవుతుంది. ముందుగా పచ్చ ముట్టుకోకూడదు. మన కొండల కింద ఎర్రమట్టి, తుప్పు రంగు రాయి. ఆ ఎరుపు మొత్తం పూసి, ఆరాక దాని మీద అడవి పెంచాలి. అప్పుడే చెట్ల సందుల్లోంచి, కట్టింగుల దగ్గర, కాలిబాటల మీద ఎరుపు తొంగిచూస్తుంది. చాలామంది లేఅవుట్లు, అంటే ఇలా బల్ల మీద కట్టే రైలు నమూనాలు, బిలియర్డ్స్ బల్లలా కనిపించడానికి కారణం కింద మట్టి లేకపోవడమేనని నా గట్టి నమ్మకం.

పట్టాల కింద కంకర గురించి కూడా చెప్పాలి. అసలు కంకర యాభై మిల్లీమీటర్లనుకుంటే నాకు కావలసింది అర మిల్లీమీటరు పైచిలుకు. ఏటి ఇసక పనికిరాదు, గింజ గుండ్రంగా ఉండి మెరుస్తుంది. క్రషర్ డస్ట్ తెచ్చి రెండు టీ జల్లెడల్లో జల్లించాను. అయస్కాంతం తిప్పి ఇనుప రజను తీసెయ్యాలి, లేకపోతే అది ఇంజన్ మోటారులోకి చేరుతుంది. కుంచెతో సర్ది, ముందు నీళ్ళు స్ప్రే చేసి, ఒక వంతు ఫెవికాల్‌కి మూడు వంతుల నీళ్ళు కలిపి చుక్కలు చుక్కలుగా వదలాలి. ఆ నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు బొట్లు వెయ్యకపోతే జిగురు లోపలికి దిగదు, తామరాకు మీద నీటిబొట్టులా పైనే దొర్లి కంకరని చెదరగొడుతుంది. ఇదంతా అయ్యాక పల్చటి ఇటుక రంగు ఒక పూత. ఇనుప ఖనిజం మోసే ఓర్ బళ్ళు వెళ్ళే లైను కదా. వానాకాలం మన స్టేషన్లో పట్టాల మధ్య ఎర్రటి నీళ్ళు నిలిచేవి, గుర్తుందా?

గడ్డికి దోమల బ్యాట్ వాడాను. దానిలో హై వోల్టేజ్ సర్క్యూట్ ఉంటుంది. ఒక తీగ టీ జల్లెడకి, ఇంకో తీగ జిగురు రాసిన నేలకి కలిపి, జల్లెడలో సన్నని నైలాన్ పోగులు పోసి ఊపితే ప్రతి పోగూ నిటారుగా నిలబడి దిగుతుంది. రెండు మిల్లీమీటర్ల పోగు అంటే జానెడు గడ్డి, ఆరు మిల్లీమీటర్లదంటే మోకాలి దాకా గడ్డి. స్విచ్ తీసినా కెపాసిటర్‌లో కరెంటు మిగిలి ఉంటుంది. సర్క్యూట్ పని తెలియనివాళ్ళు, పిల్లలు దీని జోలికి వెళ్ళొద్దు. బయట దొరికే విదేశీ ప్యాకెట్ల గడ్డి రంగు మన దగ్గర నప్పదు. అది వాళ్ళ చల్లటి దేశపు పచ్చిక. సంక్రాంతి దాటాక మన కొండ మీద గడ్డి గోధుమ రంగుకి తిరుగుతుంది. నేను మూడు రంగుల పోగులు కలిపి వాడతాను, అందులో సగం ఎండుగడ్డి రంగే.

ఇక చెట్లు. నా ప్రాణమంతా వీటిలోనే ఉంది. అరకు వైపు కాఫీ తోటలకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ మీరంతా చూసే ఉంటారు. కాండానికి మిరియం తీగ అల్లుకుని ఉంటుంది. కాలిపోయిన మోటార్ల వైండింగ్ తీగ నా దగ్గర కావలసినంత. ఇరవై పోగులు మెలిపెట్టి, పైకి పోయేకొద్దీ ఒక్కొక్కటీ విడదీసి కొమ్మలుగా వంచుతాను. ఫెవికాల్‌లో సన్నటి రంపపు పొట్టు కలిపి బెరడుగా పూస్తాను. కాండానికి బ్రౌన్ వెయ్యను. చెట్టు మొదలు దగ్గర నిలబడి చూడండి, అది బూడిద రంగు. కొమ్మలకి ఎండిన నేతిబీర పీచు సాగదీసి తగిలించి, దాని మీద ఆకు చల్లుతాను. ఆకంటే పాత సోఫా స్పాంజి. రంగులో ముంచి, ఆరబెట్టి, మిక్సీలో వేసింది. (దీనికి విడిగా ఒక జార్ కొన్నాను.) ఇరవై మీటర్ల చెట్టుకి లెక్క ప్రకారం 23 సెంటీమీటర్లు రావాలి, కానీ అంత పెడితే కొండ చిన్నబోతుంది. ముందు వరసకి పదిహేను, వెనక్కి పోయేకొద్దీ ఎనిమిది, అయిదు. ఆ వెనక గోడ మీద నీలం కొండ.

సిల్వర్ ఓక్ ఆకు అడుగుభాగం వెండిలా తెల్లగా ఉంటుంది. గాలి వీస్తే చెట్టు ఒకవైపు తెల్లబడుతుంది. పొడి కుంచెతో బూడిద తెలుపు తీసుకుని, ప్రతి చెట్టుకీ ఒకే వైపు, పడమటివైపు, తాకీ తాకనట్టు రాశాను. అలా నలభై చెట్లకి రాసి దూరంగా వచ్చి చూస్తే నా కొండ మీద గాలి వీస్తోంది. ఆ రాత్రి మా ఆవిడని నిద్ర లేపి చూపించాను.

కల్లు తీసే జీలుగ చెట్టుకి నెల పట్టింది. ఆకు కోయడం ఒక ఎత్తు, జడల్లా వేలాడే పూగెలలు ఇంకో ఎత్తు. జనపనార విప్పి, పల్చటి రంగులో ముంచి, దువ్వి వేలాడదీశాను. కల్లు కుండకి ధనియం రెండుగా చీల్చి ఒక చెక్కని తగిలించాను, సరిగ్గా సరిపోయింది. వలిసె పూల చేనుకి మాత్రం దెబ్బతిన్నాను. రంపపు పొట్టుకి పసుపు పట్టించి చల్లితే మొదట చేను మెరిసిపోయింది. కిటికీ వెలుతురుకి మూడు నెలల్లో వెలిసిపోయి పంట కోసేసినట్టయింది. మొత్తం ఊడ్చి మళ్ళీ ఆక్రిలిక్ పసుపుతో వేశాను. టీ పొడి మాత్రం మానలేదు. ఇప్పుడు బాణలిలో కరకరలాడేదాకా వేయించి వాడుతున్నాను.

అమెరికాలో మాంటెరీలో జాన్ ఆలెన్ అనే ఆయన నేల నుంచి పైకప్పు దాకా కొండలు కట్టి రైళ్ళు నడిపారు. లేఅవుట్లు కట్టేవాళ్ళందరికీ ఆయన గురువు లాంటివారు. 1973 జనవరిలో ఆయన పోయారు, మరి కొద్ది రోజులకే ఆ లేఅవుట్ చాలావరకు మంటల్లో పోయింది. అది చదివాక నేను నా చెట్లన్నీ ఊడదీసేలా గుచ్చాను. ఇప్పటికి 260 చెట్లు. ప్రతిదాని కింద సూది ఉంటుంది, అవసరమైతే పెట్టెలో పెట్టుకుని తీసుకెళ్ళొచ్చు.

అందుకే మన బడి ఉత్సవాలకి దీన్ని తీసుకొస్తున్నాను. మాస్టారు చూడ్డానికి లేరు. బొర్రా వెళ్ళిననాటి నోట్సు నా దగ్గర ఉంది, చివరి పేజీలో ఆయన ఎర్ర ఇంకుతో వేసిన "31" కూడా ఉంది. దాన్ని బల్ల పక్కనే పెడతాను.

ఒక్క పని మిగిలింది. ప్లాట్‌ఫారం వెనక అరచెయ్యంత జాగా ఖాళీగా ఉంచాను. అసలు లైను పక్కన అది అక్కడ లేదు, కానీ నా లైను పక్కన మన బడి ఉండాలి. వరండా, మూడు మెట్లు, కొళాయి అయిపోయాయి. గంట కూడా అయిపోయింది. మన గంట రైలు పట్టా ముక్కే కదా, హెచ్.ఓ. పట్టా చివర ఏడు మిల్లీమీటర్లు కోసి చిల్లు పెట్టాను. దాన్ని వేలాడదీసిన నిద్రగన్నేరు చెట్టు దగ్గరే ఆగిపోయాను. తీగ మెలిపెట్టి వారం అయింది. ఆ గంట ఉన్న కొమ్మ కొళాయి వైపు వంగి ఉండేదా, హెడ్మాస్టరు గది వైపా? ఎంత కళ్ళు మూసుకున్నా ఒకసారి ఇటు, ఒకసారి అటు కనిపిస్తోంది. ఆ చెట్టు ఇప్పుడు లేదు. 1990కి ముందు గ్రూప్ ఫోటోలు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి వెనకాల ఏముందో చూడండి. నలుపు తెలుపైనా పరవాలేదు, కొమ్మ ఎటు పోయిందో తెలిస్తే చాలు, రంగు నాకు గుర్తుంది.