పరవాసుల పెంతెకొస్తు

అపొస్తలుల కార్యముల 2వ అధ్యాయంలో 9 నుంచి 11 వరకు ఉన్న వచనాలు పైకి చదవమంటే ఆదివారపు బడిలో మేమంతా తలలు దించుకునేవాళ్లం. పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు, మెసొపొతమియ, కప్పదొకియ, పొంతు, ఫ్రుగియ, పంఫులియ... నోరు తిరగని పేర్లు. ఒక పెంతెకొస్తు పండుగనాడు ఆ పాఠం నా వంతుకు వచ్చింది. పంఫులియ దగ్గర ఆగిపోయాను. "ఆ పేర్లు వదిలేసి కింది వచనం చదువు నాయనా" అన్నారు టీచరమ్మ గారు. పెద్దయ్యాక కూడా చాలా ఏళ్లు ఆ పేర్లను అలా వదిలేస్తూనే చదివాను. పరిశుద్ధాత్మ దిగివచ్చి, శిష్యులు ఇతర భాషల్లో మాట్లాడిన సంగతి ముఖ్యం గానీ, ఆ రోజు యెరూషలేములో ఏ ఊరివాళ్లు ఉన్నారో మనకెందుకు అనుకునేవాణ్ని.

ఆ పేర్లు నాకు మళ్లీ ఎదురుపడింది కువైట్‌లో.

గోదావరి జిల్లా నుంచి ఒక గిడ్డంగిలో లెక్కలు రాసే ఉద్యోగానికి వెళ్లాను. మొదటి వారమే ఒక సంగతి తెలిసి మనసు కలుక్కుమంది. అక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. ఆదివారం అందరికీ పని దినమే. అందువల్ల క్రైస్తవుల ప్రధాన ఆరాధన శుక్రవారం జరుగుతుంది. పుట్టి బుద్ధెరిగాక ఆదివారం ఉదయం గుడికి వెళ్లకుండా ఉన్నది జ్వరం వచ్చినప్పుడే. అలాంటివాణ్ని ఆదివారం పొద్దున బస్సులో పనికి వెళుతూ పోగొట్టుకున్నవాడిలా కూర్చున్నాను. కొన్ని నెలలు పోయాక ఆ బాధ మరో రూపం తీసుకుంది. ప్రభువు సిలువ మోసింది శుక్రవారమే కదా. వారమంతా ఎండలో ఇనుము మోసినవాళ్లు, ఇతరుల పిల్లల్ని ఎత్తుకు తిరిగినవాళ్లు, అదే రోజున ఆయన ముందు కూర్చుంటున్నారు. ఆ కూడికకు శుక్రవారం తగిన రోజేనని నాకు అనిపించసాగింది.

కువైట్ నగరంలో ఖిబ్లా అనే పాత పేట ఉంది. నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ప్రాంగణం ఆ పేటలోనే, సముద్రానికి దగ్గరగా ఉంటుంది. మొదటి శుక్రవారం నన్ను అక్కడికి తీసుకెళ్లిన మా గది మిత్రుడు గేటు దగ్గర, "తెలుగు ఆరాధన ఏ గదిలోనో అడగాలి, గదులు మారుతుంటాయి" అన్నాడు. లోపలికి అడుగు పెట్టాక ఆ మాట అర్థమైంది. పెద్ద మందిరం ఒకటి, దాని చుట్టూ హాళ్లు, గదులు, మెట్ల కింద గదులు. ప్రతి తలుపు వెనుకా ఒక భాష. ఇటు మలయాళం, అటు తమిళం, పై అంతస్తులో ఫిలిప్పీన్స్ వాళ్లు. ఇంకో వైపు కొరియన్లు, నేపాలీలు, ఉర్దూలో పాడే పాకిస్తానీ సోదరులు, తెల్లని శాలువలు కప్పుకున్న ఇథియోపియా స్త్రీలు. గంటల లెక్కన గదులు చేతులు మారతాయి. ఒక సంఘం ముగింపు ప్రార్థనలో ఉండగానే తర్వాతి సంఘంవాళ్లు చెప్పులు విడిచి, బైబిళ్లు చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటారు. రెండు పాటలు గోడ దాటి ఒకదానిలో ఒకటి కలుస్తాయి. మొదట్లో అది గోలగా వినిపించి విసుగు కలిగింది. అలా విసుక్కున్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఆ ప్రాంగణానికి పునాది ఒక ఆసుపత్రి. చమురు దొరకక ముందు, ముత్యాల వేటతో, పడవలతో బతికే రోజుల్లో, పాలకుడు షేక్ ముబారక్ అమెరికన్ మిషన్ వైద్యులను పిలిపించి ఆసుపత్రికి చోటిచ్చాడు. 1912లో ఎలినార్ కాల్వర్లీ అనే డాక్టరమ్మ వచ్చి స్త్రీలకు వైద్యం మొదలుపెట్టారు. డాక్టర్ స్టాన్లీ మైల్రియా దశాబ్దాల పాటు అక్కడే పనిచేశారు. 1920లో జహ్రా కోట దగ్గర యుద్ధం జరిగితే గాయపడినవాళ్లకు కట్లు కట్టింది ఈ ఆసుపత్రే. చర్చి కట్టడం 1931 నాటిది. అంటే ఆ నేలమీద ముందు గాయాలు కడిగారు, తర్వాతే గుడి కట్టారు. 1967లో ఆసుపత్రి మూతపడింది. ఆ భవనాన్ని కువైట్‌వాళ్లు పడగొట్టకుండా బాగుచేసి, అమెరికానీ సాంస్కృతిక కేంద్రంగా నిలబెట్టుకున్నారు. నేను ఒక సాయంత్రం దాని వరండాలో చాలాసేపు నిలబడ్డాను. మన జిల్లాల్లోని పాత మిషన్ ఆసుపత్రుల వరండాలే గుర్తొచ్చాయి.

ఇక ఆ పేర్ల సంగతి. కువైట్ ప్రభుత్వం ఎంతోకాలంగా ఏడు సంఘాలను అధికారికంగా గుర్తిస్తోంది. అవి రోమన్ కాథలిక్కు, ఆంగ్లికన్, ఎవాంజెలికల్, కోప్టిక్, ఆర్మేనియన్, గ్రీకు ఆర్థడాక్స్, గ్రీకు కాథలిక్కు సంఘాలు. ఒక రాత్రి గదిలో ఈ వరుసను, కార్యముల గ్రంథంలోని వరుసను పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఒళ్లు జలదరించింది. కోప్టులు ఐగుప్తువాళ్లు. ఆర్మేనియన్ల తాతముత్తాతలు ఆ కప్పదొకియ, పొంతు చుట్టుపక్కల కొండల్లో బతికినవాళ్లు. మెసొపొతమియ అంటే పక్కనే ఉన్న ఇరాక్. ఏలాము అంటే సముద్రం తలవైపున ఇరాన్ నేల. నేను పలకలేక వదిలేసిన ఊళ్లవాళ్లు బ్రతికే ఉన్నారు. శుక్రవారం నాడు నా పక్కనుంచే నడిచి వెళుతున్నారు. ఆ గ్రంథం రాసిన లూకా ఆ పేర్లను ఒక్కొక్కటిగా ఎందుకు రాశాడో అప్పుడు తెలిసింది. ఎవరినీ పేరు చెప్పకుండా తోసేయడం ఆయనకు ఇష్టం లేదు.

ఆ వరుసలో రోమా నుంచి వచ్చినవాళ్ల గురించి చెబుతూ, మన తెలుగు బైబిలు "పరవాసులుగా వచ్చినవారు" అంటుంది. ఆ మాట దగ్గర ఆగని గల్ఫ్ తెలుగువాడు ఉండడు. పరవాసి అంటే ఎవరో మాకు నిఘంటువు చెప్పనక్కరలేదు. ఆకామా అనే నివాస అనుమతి గడువు తేదీ గుండెల్లో పెట్టుకుని తిరిగేవాడు, కఫీల్ అనే స్పాన్సరు సంతకం కోసం ఎదురుచూసేవాడు, పెళ్లయిన నెలకే విమానమెక్కి కూతురి మొదటి పుట్టినరోజును ఫోనులో చూసేవాడు. పరిశుద్ధాత్మ మొదటిసారి దిగినప్పుడు విన్నవాళ్లలో అలాంటివాళ్లు కూడా ఉన్నారని లేఖనమే చెబుతోంది.

వరుసలో చివరి పేరు "క్రేతీయులు అరబీయులు" అన్నచోట వస్తుంది. అరబ్బుల దేశంలో కూర్చుని ఆ పేరు చదవడం వేరు. కువైట్‌లో క్రైస్తవులంటే మనలాంటి వలసవాళ్లేనని చాలామంది అనుకుంటారు. కానీ కువైట్ పౌరుల్లోనే కొన్ని వందల మంది క్రైస్తవులున్నారు. తుర్కియే ఆగ్నేయ ప్రాంతం నుంచి, ఇరాక్ నుంచి, పాలస్తీనా నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడిన కుటుంబాలు అవి. ఆ కుటుంబాల్లో పుట్టిన ఇమ్మాన్యుయేల్ గరీబ్ గారు 1999లో అభిషేకం పొంది, ఎవాంజెలికల్ సంఘానికి మొదటి కువైటీ కాపరి అయ్యారు. అరబ్బీ ఆరాధన జరుగుతున్న మందిరం పక్కగా మొదటిసారి నడిచినప్పుడు లోపలినుంచి 'అల్లా' అన్న పిలుపు వినిపించి ఉలిక్కిపడ్డాను. మా ఊళ్లో ఎవరూ నాకు ఆ సంగతి చెప్పలేదు. అరబ్బీ బైబిలులో దేవుడికి ఉన్న మాట అదే. మనం 'దేవా' అన్నట్టే వాళ్లు ఆ మాటతో తండ్రిని పిలుస్తారు. 'దేవుడు' అన్న మన మాట కూడా మన నేల ఇచ్చినదే, ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా. అంతేకాదు, కువైట్ తీరానికి ఎదురుగా ఉన్న ఫైలకా దీవిలో, ఇసుక కింద, పురాతన చర్చి గోడలు పురావస్తు శాస్త్రజ్ఞులకు దొరికాయి. తూర్పు సంఘం అనే పురాతన క్రైస్తవ శాఖ విశ్వాసులు అక్కడ సిరియాక్ భాషలో కీర్తనలు పాడి ఉంటారు. మేమే ఈ ఎడారికి సువార్త మోసుకొచ్చామన్న మాట ఏ తెలుగు సాక్ష్యంలోనైనా వినిపిస్తే, నాకు ఆ గోడలే గుర్తొస్తాయి.

పెంతెకొస్తు ప్రసంగాల్లో తరచు వినే మాట ఒకటుంది. బాబేలు గోపురం దగ్గర చెదిరిన భాషలు పెంతెకొస్తునాడు మళ్లీ ఒక్కటయ్యాయని అంటారు. పెద్దలు క్షమించాలి, వచనం అలా చెప్పడం లేదు. "ప్రతి మనుష్యుడు తన తన స్వభాషతో" విన్నాడని ఉంది. తన తన అని రెండుసార్లు. దేవుడు తలచుకుంటే ఆ పూట అందరికీ హెబ్రీయో గ్రీకో వచ్చేటట్టు చేయగలడు. అలా చేయలేదు. గలిలయ జాలరుల నోటిని పరదేశీల చెవి దగ్గరికి తీసుకువెళ్లాడు. నేర్చుకునే కష్టం చెప్పేవాళ్ల మీద పెట్టాడు, వినేవాళ్ల మీద పెట్టలేదు. ఆ ప్రాంగణంలో గోడ దాటి కలిసిపోయే పాటలు గోలగా వినిపించడం మానేసింది ఈ సంగతి అర్థమయ్యాకే. ఒక్క గొంతుగా మారకపోయినా అవన్నీ ఒక్కడికే వినిపిస్తున్నాయి.

ఇక్కడ మన ఇంటి సంగతి దాచుకోకుండా చెప్పాలి. మా ఊళ్లో ఒకే వీధిలో లూథరన్ గుడి, బ్రదరెన్ సహవాసం, పెంతెకొస్తు మందిరం ఉన్నాయి. ఒకరి రొట్టె ఒకరు తినరు. బాప్తిస్మం తీరు మీద పెళ్లి సంబంధాలు తప్పిపోయిన ఇళ్లు నాకు తెలుసు. గోదావరి డెల్టాకు బ్రదరెన్ సువార్త ఎలా వచ్చిందో తలచుకుంటే ఈ గోడలు మరీ బాధపెడతాయి. ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ అనే ఆయన ముందు బాగ్దాదులో సేవ చేశాడు. 1831 మహమ్మారిలో భార్యను అక్కడే మట్టిలో పెట్టాడు. తర్వాత భారతదేశానికి వచ్చి, 1836లో బౌడెన్, బీర్ దంపతులను వెంటబెట్టుకొచ్చాడు. ఆ రెండు జంటలే గోదావరి డెల్టాకు చేరాయి. సంఘ భేదాలు చూడకుండా ప్రభువును ప్రేమించే ఎవరితోనైనా రొట్టె విరవాలని తపించినవాడు గ్రోవ్స్. కువైట్‌కు ఎగువన ఉన్న ఆ ఊరిలో కన్నీళ్లు కార్చిన మనిషి చేతిమీదుగా మా డెల్టాకు ఒక సహవాసం వస్తే, ఆ సహవాసానికీ మేం గోడలు కట్టుకున్నాం.

కువైట్‌లో తెలుగువాళ్లు ఒక్కటైపోయారని చెప్పను. అక్కడా తెలుగు సంఘాలు చాలా ఉన్నాయి. చీలినప్పుడు ఏడ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ ఇంటి దగ్గర జరగనిది ఒకటి అక్కడ చూశాను. రాజంపేట, రాయచోటి వైపు నుంచి వచ్చిన సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం) కుటుంబాలవాళ్లు, కోనసీమ బ్రదరెన్‌వాళ్లు, గుంటూరు లూథరన్లు ఒకే గదిలో, ఒకే రెండు గంటల్లో, ఒకే బల్ల దగ్గర మోకరించారు. మరో గది దొరకదు కాబట్టే అలా కూడారని ఎవరైనా అంటే కాదనను. చోటు చాలక పక్కపక్కన కూర్చున్నవాళ్లు మెల్లగా ఒకరి కోసం ఒకరు ప్రార్థించడం మొదలుపెట్టారు. దేవుడు ఇరుకును కూడా వాడుకుంటాడు.

ఆ గదిలోకి రాలేనివాళ్లను గురించి చెప్పకుండా ఈ వచనాన్ని ముగించలేను. కడప వైపు నుంచి ఇళ్లలో పనికి వెళ్లిన స్త్రీలు ఎందరో. అందరికీ శుక్రవారం సెలవు ఉండదు. అతిథులు వచ్చే రోజు కాబట్టి చాలా ఇళ్లలో శుక్రవారమే పని ఎక్కువ. మా సంఘంలో ఒక అక్క ఉండేది. ఆమె పేరు రిజిస్టరులో ఉండేది గానీ మనిషి కనిపించేది కాదు. పాస్టరు గారు తన ఫోనును ప్రసంగ బల్లమీద పెట్టేవారు. అవతల ఆమె వంటింట్లో, కొంగు చాటున ఫోను పెట్టుకుని, గిన్నెలు కడుగుతూ వినేది. ఆమె చప్పుడు మాకు వినిపించకూడదని తన వైపు మైకు ఆపేసేది. ఆరాధన పూర్తయ్యేదాకా ఆ ఫోనును ఎవరూ కదిపేవాళ్లం కాదు.

ఒక పెంతెకొస్తు శుక్రవారం ఆ అక్క స్వయంగా వచ్చింది. ఇంటివాళ్లు ప్రయాణం వెళ్లారట. గది నిండిపోయి ఉంటే నేను లేచి, "అక్కా, ఇక్కడ కూర్చో" అన్నాను. ఆ రోజు లేఖన పఠనం నా వంతు. పార్తీయులు మొదలు అరబీయుల దాకా ఒక్క పేరూ వదలకుండా, నెమ్మదిగా చదివాను. ప్రార్థన మనవులు అడిగే సమయంలో పాస్టరు గారు ఆమె వైపు తిరిగి, "అమ్మా, నీకోసం ఏమని ప్రార్థించమంటావు?" అన్నారు.

"ఏమీ అడగను అయ్యగారూ" అంది. "వారమంతా ఎవరెవరి భాషో వింటాను. ఇంకొంచెం సేపు తెలుగులో చదవమనండి."

గుమ్మంలో తర్వాతి సంఘంవాళ్లు వచ్చి నిలబడ్డారు, మా గంట అయిపోయింది. పాస్టరు గారు వాళ్లతో అరబ్బీలో ఏదో చెప్పారు. వాళ్ల పెద్ద తల ఊపి, తనవాళ్లను వరండాలోనే కూర్చోబెట్టాడు. నేను మళ్లీ బైబిలు తెరిచాను.