ఇండక్షన్ స్టవ్‌లో ఈ-7: వోల్టేజి బాగానే ఉంది, పొయ్యికి మాత్రం కనపడటం లేదు

మా వంటగది విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో, కిటికీ సముద్రం వైపు. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ మీద గిన్నె పెట్టి బటన్ నొక్కగానే బీప్ బీప్ మని ఈ-7 వస్తోంది. స్టవ్‌తో వచ్చిన పుస్తకంలో దానికి అర్థం ‘వోల్టేజి తక్కువ’. 160 వోల్టుల కంటే తగ్గితే వస్తుందని రాశారు. మీటరు పెట్టి చూస్తే ప్లగ్గులో 228 ఉంది. రిపేరు షాపులో చూపిస్తే బోర్డు పోయింది, మొత్తం మార్చాలన్నారు. నిజానికి పోయింది ఒక్క రెసిస్టరు, అంటే కరెంటుని అడ్డుకునే చిన్న భాగం. దాని దాకా ఎలా వెళ్లానో కొలతలతో సహా రాస్తున్నాను. ఉప్పుగాలి తగిలే ఇళ్లలో ఈ జబ్బు ఎక్కువ, దీనికోసం మంచి బోర్డులు పారేస్తుంటే బాధగా ఉంటుంది.

ముందుగా ఒక జాగ్రత్త. ఎర్రర్ కోడ్‌లు కంపెనీ కంపెనీకీ మారతాయి. ఒకరి ఈ-3 వోల్టేజి అయితే ఇంకొకరి ఈ-3 వేడి. మీ మోడల్ పుస్తకం చూడకుండా వేరే మోడల్ వీడియో చూసి స్టవ్ విప్పకండి. వారంటీ ఉంటే అసలు విప్పనే వద్దు, సీలు తెగితే అది పోతుంది.

కోడ్ ఎప్పుడు వస్తోందన్నది అంకె కంటే ఎక్కువ చెబుతుంది. నొక్కగానే వస్తే వోల్టేజి కొలిచే దారిలోనో, వేడి కొలిచే థర్మిస్టరులోనో తేడా. ఐదు పది నిమిషాలు వండాక వస్తే ఫ్యాను, దుమ్ము, కింద గాలి ఆడకపోవడం చూడాలి. గిన్నె మారిస్తే పోతే గిన్నెదే తప్పు: అడుగున అయస్కాంతం అంటుకోని గిన్నె ఈ పొయ్యికి పనికిరాదు. నాది నొక్కగానే వచ్చేది. వాన ముసురు పట్టిన పొద్దుల్లో తప్పకుండా వచ్చేది, ఎండ కాసిన మధ్యాహ్నం ఒక్కోసారి మామూలుగా పనిచేసేది. తేమతో మారే జబ్బంటే బోర్డు మీద ఏదో తుప్పు పడుతున్నట్టే.

విప్పే ముందు సాకెట్. 2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు. 6 ఆంపియర్ల సాకెట్‌కి కన్వర్టరు తగిలించి వాడితే పట్టు వదులైన చోట వేడెక్కి, లోడు పడగానే వోల్టేజి జారిపోతుంది. ప్లగ్గు పిన్నులు నల్లబడ్డాయేమో చూడండి. 16 ఆంపియర్ల పవర్ సాకెట్‌లో పెట్టి, గీజరు కూడా వేసి కొలిచాను: 221. అంటే ఇంటి వైరింగు బాగానే ఉంది. ఇక్కడే 170, 180 కనపడితే స్టవ్ జోలికి వెళ్లక్కర్లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. వీధంతా అలాగే ఉంటే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి.

ఇప్పుడు లోపల. ప్లగ్గు పూర్తిగా తీసి పది నిమిషాలు ఆగాలి. బోర్డు మీద 5 మైక్రోఫారడ్ల పెట్టె లాంటి కెపాసిటరు ఉంటుంది, అందులో 320 వోల్టుల డీసీ నిలవ ఉండొచ్చు. మామూలుగా బోర్డు మీది రెసిస్టర్ల గుండా అది ఖాళీ అవుతుంది. వాటిలో ఏదైనా పోయి ఉంటే ఖాళీ అయ్యే దారే మూసుకుపోయి ఉండొచ్చు. అందుకే ఆగినా సరే, మీటరు డీసీలో పెట్టి కొలవాలి. ఏమైనా మిగిలి ఉంటే హోల్డరుకి పెట్టిన పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు తీగలు రెండు కాళ్లకీ ఆనించి ఖాళీ చేయాలి. స్క్రూడ్రైవరుతో షార్టు చేసే అలవాటు కొందరికి ఉంది, దాంతో కెపాసిటరూ పాడవుతుంది, కళ్లకీ ప్రమాదం. ఈ బోర్డు నేరుగా మెయిన్స్‌తో కలిసి ఉంటుంది కాబట్టి ప్లగ్గు పెట్టి ఉండగా ఎక్కడా చెయ్యి తగలకూడదు.

కింద స్క్రూలు తీసి మూత ఎత్తితే, కనెక్టరు పిన్నుల మీద సన్నని పచ్చ చిలుము, ఒక మూల బొద్దింకల మురికి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తని బ్రష్‌తో తుడిచి, గంట ఆరబెట్టాను. చాలాసార్లు ఇంతటితోనే సరిపోతుంది. నాకు సరిపోలేదు.

తర్వాత థర్మిస్టరు. కాయిల్ మధ్యలో, గాజు పలకకి తెల్లటి పేస్టుతో ఆనుకుని ఉండే చిన్న పూస. కనెక్టరు ఊడదీసి కొలిస్తే 73 కిలో ఓములు. దాని విలువ 100 కిలో ఓములని చదివి, 73 చూసి పోయిందనుకునేవాళ్లు చాలామంది. ఆ 100 అన్నది 25 డిగ్రీల దగ్గర లెక్క. మన వంటగదిలో 32 డిగ్రీలుంటే 74 దరిదాపుల్లో ఉండటమే సరి. పూసని వేళ్లతో పట్టుకుంటే అంకె నెమ్మదిగా 67కి దిగింది, వదిలితే మళ్లీ ఎక్కింది. అలా సాఫీగా దిగి ఎక్కితే అది బాగున్నట్టే. పేస్టు ఎండి పొడైతే మాత్రం కొత్తది రాయాలి.

ఇక అసలు చోటు. మెయిన్స్ లోపలికి వచ్చే రెండు తీగల నుంచీ చెరో 4007 డయోడు (కరెంటుని ఒకవైపే పోనిచ్చే భాగం) వచ్చి ఒకచోట కలుస్తాయి. అక్కడి నుంచి నా బోర్డులో రెండు 470 కిలో ఓముల రెసిస్టర్లు వరసగా ఉన్నాయి. వాటి చివర, బోర్డు గ్రౌండు (సున్నా వోల్టుల గీత) వైపు, తక్కువ విలువ ఉన్న ఒక రెసిస్టరు. ఆ కూడలిలో మిగిలే కొద్ది వోల్టేజినే మైక్రోకంట్రోలరు, అంటే స్టవ్‌ని నడిపే చిప్, చూసి ఇంట్లో ఎంత వోల్టేజి ఉందో లెక్క కడుతుంది. దానికి ప్లగ్గు కనపడదు, ఆ పిన్ను ఒక్కటే కనపడుతుంది.

కొలిస్తే మొదటిది 468. రెండోది 1,330. బోర్డు మీద ఉన్న రెసిస్టరు కొలిచేటప్పుడు పక్క దారులు కలిసి అంకె తక్కువ చూపించొచ్చు. కెపాసిటర్లు ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కువ చూపించిందంటే మాత్రం ఇంక సందేహం లేదు, అది పోయినట్టే. కొలిచేటప్పుడు రెండు ప్రోబ్‌ల కొనలూ వేళ్లతో పట్టుకోకండి, ఒంటి రెసిస్టెన్సు కలిసి లెక్క తప్పుతుంది. 940 ఉండాల్సిన చోట 1,798 అయ్యేసరికి పిన్ను దగ్గర వోల్టేజి దాదాపు సగమైంది. 228 వోల్టులు ఆ చిప్‌కి 119లా కనపడ్డాయి. 160 కంటే తక్కువ కాబట్టి ఈ-7. పాపం, దాని లెక్క అది సరిగ్గానే వేసింది.

ఊడదీసి భూతద్దంలో చూస్తే, పసుపు పట్టీ పక్కన, ఒకవైపు లోహపు టోపీ అంచున, పచ్చటి చుక్క. పైపూత పగిలి ఉప్పు తేమ లోపలికి దిగింది. వాటి మీద వోల్టేజి ఎప్పుడూ నిలిచి ఉండటంతో లోపలి సన్నని పొర కొద్దికొద్దిగా తినేసుకుపోయి విలువ పెరుగుతుంది.

డాబాగార్డెన్స్‌లో విడిభాగాలు కొన్నాను. 470 కిలో ఓములు, అర వాటు, ఒక శాతం మెటల్ ఫిల్మ్, రెండు. పట్టీలు పసుపు, ఊదా, నలుపు, నారింజ, గోధుమ. ఒక్కోటీ రూపాయో రెండో. పాతవి పావు వాటువి, వాటికి వోల్టేజి తట్టుకునే శక్తి తక్కువ. పోయిందొక్కటే అయినా రెండూ మార్చాలి, రెండోదీ అదే గాలి పీల్చింది కదా. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో అతికించాను. బోర్డుకి ఆనకుండా రెండు మిల్లీమీటర్ల ఎత్తులో ఉంచాను, కింద తేమ నిలవకుండా. సోల్డరు దగ్గర మిగిలిన ఫ్లక్స్ జిగురు తుడిచి, ఆరాక ఆ చోట పీసీబీ లక్కర్ (బోర్డుకి తేమ తగలకుండా వేసే పూత) పూశాను. కనెక్టర్లలోకి లక్కర్ వెళ్లకూడదు.

మూత వేశాక నేరుగా ప్లగ్గు పెట్టకుండా 100 వాట్ల సిరీస్ బల్బు (ఒక తీగ మధ్యలో వరసగా కలిపిన ఫిలమెంటు బల్బు) గుండా ఇవ్వండి. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతే మంచిదే. నిండుగా వెలుగుతూ ఉంటే లోపల షార్టు ఉంది, ఆపేయండి. ఇక్కడ మోసపోయే సంగతి ఒకటి: బల్బు సిరీస్‌లో ఉండగా గిన్నె పెట్టి నొక్కితే మళ్లీ ఈ-7 రావచ్చు. వోల్టేజిని బల్బే తినేస్తోంది కాబట్టి అది సహజం, రిపేరు కుదరలేదని మళ్లీ విప్పకండి.

తర్వాత నేరుగా సాకెట్‌లో పెట్టి, లీటరు నీళ్లు, 2000 వాట్లు. మూడున్నర నిమిషాల్లోపు మరిగాయి. వండటం అయ్యాక గోడ స్విచ్ వెంటనే తీయకుండా, ఫ్యాను తనంత తాను ఆగేదాకా వదిలేస్తున్నాం. స్టవ్‌ని కిటికీ కింద నుంచి లోపలి గట్టు మీదకి జరిపాం. వానలు తగ్గాక ఇంకోసారి విప్పి కొలిచాను: రెండూ కలిపి 941 కిలో ఓములు.