బీ-ఫారంతో గుడికొచ్చే వారికి

"సత్కారమానపూజార్థం తపో దంభేన చైవ యత్..." భగవద్గీత పదిహేడో అధ్యాయంలోని ఈ శ్లోకం ఎన్నికలొస్తే చాలు, గుర్తొస్తుంది. మెప్పు కోసం, నలుగురి దండాల కోసం చేసే తపస్సు రాజసం, అంటే రజోగుణంతో చేసేది, అది నిలవదు అన్నాడు కృష్ణస్వామి.

పార్టీ తన అభ్యర్థికి రాసిచ్చే బీ-ఫారాన్ని గుళ్లో దేవుడి పాదాల దగ్గర పెట్టించుకోవడం తప్పు కాదు. పిల్లల హాల్‌టికెట్లూ పెట్టిస్తాం కదా. కానీ కెమెరాలూ జెండాలూ ఎందుకు? ఆమధ్య మా ఊరి గుడిలో ఒకాయన వస్తున్నాడని దర్శనం ఆపేశారు. చంటిపిల్లలతో ఆడవాళ్లు ఎండలో నిలబడ్డారు. ఆయన బయటికొచ్చి మైకులో తన ఉపవాసాలు, దీక్షలు ఏకరువు పెట్టాడు. ఒళ్లు మండిపోయింది.

అభ్యర్థి తన నమ్మకాల గురించి నోరెత్తకూడదా? ఎత్తాలి. నామినేషన్ వేశాక రిటర్నింగ్ అధికారి ముందు దైవసాక్షిగానో ఆత్మసాక్షిగానో ప్రమాణం ఎలాగూ చేస్తాడు. దేవుడి పేరు ఎత్తడానికి అది చాలు. మతం చెప్పి ఓటడగడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అక్రమమే. ఓటరు మతం పేరు చెప్పి అడిగినా అంతేనని 2017లో సుప్రీంకోర్టు 4-3 తీర్పులో చెప్పింది. ఆ సంగతి లాయర్లు చూసుకుంటారు.

నా మనసు మాత్రం పై శ్లోకానికి మూడు శ్లోకాల ముందున్న దాని మీదే ఉంటుంది. పూజను శరీర తపస్సులో చేర్చిన స్వామి, నోటికి వేరే తపస్సు పెట్టాడు: "అనుద్వేగకరం వాక్యం సత్యం ప్రియహితం చ యత్". ఎదుటివాణ్ణి కలతపెట్టకూడదు, నిజమై ఉండాలి, వినసొంపుగా ఉండాలి, మేలు చేయాలి. ఇవన్నీ కలిసి ఉంటేనే వాక్‌తపస్సు, ఒక్కటి లోపించినా కాదన్నారు గీతకు భాష్యం రాసిన ఆదిశంకరులు. నిజమే కదా అని పక్క మతంవాడి గుండె కోసే మాట అంటే తపస్సు కాదు. తీయగా ఇచ్చిన ఉత్తుత్తి హామీ అసలే కాదు. ఈ కొలతతో ఒక ప్రచార సభ విని చూడండి. గంట ప్రసంగంలో ఎన్ని వాక్యాలు నిలుస్తాయి?

కాబట్టి అయ్యా, మీ పూజగది మాకొద్దు. ఓటుకు నోటు పంచడం పాపమనుకుంటారా? గెలిచాక పార్టీ మారరని నమ్మొచ్చా? వేరే దేవుణ్ణి మొక్కేవాడు అర్జీ పట్టుకొస్తే కూర్చోమంటారా? ఈ నమ్మకాలు చెప్పండి, రాత్రి పదింటిదాకా కూర్చుని వింటాం.

మనమూ తక్కువ వాళ్లం కాదు. నోటు అందుకున్న చేత్తోనే హారతి కళ్లకద్దుకుంటున్నాం. ముందు ఆ చెయ్యి వెనక్కి తీసుకోండి. అర్చకస్వాములూ, ధర్మకర్తలూ, ఈసారి ఎవరొచ్చినా క్యూ ఆపకండి. ఆయన్నీ క్యూలోనే రానివ్వండి.