ఎయిర్ రైఫిల్ జూనియర్ బ్యాచ్: ఇప్పటిదాకా ఎక్కడికొచ్చాం

మొదటి రెండు వారాలు పెల్లెట్ (చిన్న సీసపు గుండు) డబ్బాలు బయటికి తీయలేదు. పని అంతా రైఫిల్ అందుకోవడం, దించడం. బోల్ట్ (పెల్లెట్ పెట్టే చోటి గడియ) తెరిచి ఉందా, లోపల ఖాళీ అని చూపే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి ఉందా, బ్యారెల్ టార్గెట్ వైపే ఉందా అన్నది పిల్లలే పైకి చెప్పి చూపించాలి. గురి కుదరకముందే ట్రిగ్గర్ మీదికి వేలు పోతే ఆ రోజుకి రైఫిల్ లాకర్‌లోకే. ఇందులో బతిమాలుడు నడవదు.

తర్వాత కొలతలు. మ్యాచ్ రైఫిల్ 5.5 కిలోల దాకా ఉండొచ్చని నియమం, కానీ పన్నెండేళ్ల పిల్లకి అంత బరువు అక్కర్లేదు. బట్‌ని, అంటే భుజానికి ఆనే వెనక భాగాన్ని, మోచేతి మడతలో ఆనించి చూడండి. చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌కి హాయిగా అందాలి. బట్ పొడుగైతే పిల్లలు మెడ ముందుకు సాగదీస్తారు, చెంప ఒక్కోసారి ఒక్కోచోట ఆనుతుంది, గ్రూప్ (టార్గెట్ మీద పెల్లెట్లు పడిన గుంపు) చెదురుతుంది. మనం "ఏకాగ్రత లేదు" అని తిడతాం. పాపం, తప్పు బట్‌ది.

బరువు కండ మీద కాదు, ఎముక మీద పడాలి. ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీద, సరిగ్గా రైఫిల్ కింద ఉండాలి. అది నిలవనివాళ్లకి ముందు కింద స్టాండ్ పెట్టాం. ఒక సిరీస్ (వరస షాట్లు) స్టాండ్‌తో, ఒకటి లేకుండా. ఇప్పుడు చాలామంది స్టాండ్ వదిలేశారు.

గ్రూప్ పక్కలకి సాగుతుంటే ముందు పాదాలు చూడాలి. గురి పెట్టి, కళ్లు మూసి, రెండు శ్వాసలు తీసి తెరవమనండి. టార్గెట్ పక్కకి జరిగిందా? చేత్తో లాగొద్దు, వెనక పాదం కొద్దిగా జరపాలి. పైకీ కిందకీ సాగితే ఎక్కువసార్లు శ్వాసదే లోపం. ఒక్క పెల్లెట్ పక్కకి పోయిందని సైట్ (గురి చూసే పరికరం) తిప్పేవాళ్లని ఆపడమే పెద్ద పని. ఐదు పెల్లెట్ల గ్రూప్ చూశాకే సైట్‌ని క్లిక్కు క్లిక్కుగా జరపాలి.

ముందు సైట్‌లో చిన్న రింగు ఉంటే నల్ల చుక్క దానికి తగులుతున్నట్టు కనిపిస్తుంది. అది నిశ్చలమయ్యేదాకా పట్టుకుని కూర్చుంటారు, కళ్లు అలసి చివర్లో ట్రిగ్గర్ లాగేస్తారు. 4.4 మిల్లీమీటర్ల రింగు వేశాక ఈ బాధ బాగా తగ్గింది. ఎనిమిది సెకన్లలో పేలకపోతే దించేయాలి, మళ్లీ మొదలెట్టాలి. టార్గెట్ మీద పది పాయింట్ల రింగు అర మిల్లీమీటరు చుక్కే, దాని వెంటపడితే ఈ వయసులో ఏమీ మిగలదు.

రైఫిల్‌కి గాలినిచ్చే సిలిండర్‌ని 200 బార్ పీడనానికి నెమ్మదిగా నింపాలి. గబగబా నింపితే వేడెక్కి, చల్లారాక గేజ్‌లో పీడనం పడిపోతుంది. జాయింట్లకి మామూలు నూనె అస్సలు వద్దు, అధిక పీడనంలో అంటుకునే ప్రమాదం ఉంది. తయారీ తేదీ నుంచి పదేళ్లు దాటిన సిలిండర్‌ని పక్కన పెట్టేయాలి. నేల మీద పడిన పెల్లెట్ ఏరుకోవద్దు, అంచు వంగి ఉంటుంది. సీసం కాబట్టి తినేముందు సబ్బుతో చేతులు కడగాల్సిందే.

ఇక తల్లిదండ్రుల ప్రశ్న. హైదరాబాదులో పెరిగిన షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు తెచ్చింది ఈ ఎయిర్ రైఫిల్ ఈవెంట్‌లోనే. అందుకే కాబోలు, ఇక్కడ మొదటి రోజే "సొంత రైఫిల్ కొనిపెట్టమంటారా సార్?" అని అడుగుతారు. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు)తో, పెల్లెట్ శక్తి 20 జౌల్స్ దాటని ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. మ్యాచ్ రైఫిల్ ఏడెనిమిది జౌల్స్ దగ్గరే ఉంటుంది. అయినా ఇప్పుడే వద్దు. పిల్లలు ఎదుగుతున్నారు, ఇవాళ్టి బట్ వచ్చే ఏడాదికి పొట్టి. పాయింట్ 22 రైఫిల్ సంగతి పూర్తిగా వేరు: అది గాలితో కాదు, మందుతో పేలే ఫైరార్మ్, 1959 ఆయుధ చట్టం ప్రకారం 21 నిండనివాళ్లు సొంతంగా ఉంచుకోకూడదు. శిక్షణలో షరతులకు లోబడి వాడనివ్వడం వేరు, చేతికిచ్చి ఇంటికి పంపడం వేరు. ఎయిర్ రైఫిల్ ఇంట్లో ఉన్నా తాళంచెవి పెద్దవాళ్ల దగ్గర, పెల్లెట్లు వేరే అరలో ఉండాలి.

ఒంటిని బిగించి పట్టే షూటింగ్ జాకెట్లు ఇంకా కుట్టించలేదు. ఒళ్లు నిలబడటం నేర్చుకోకముందే జాకెట్ తొడిగితే నడుం దానిమీదే వాలిపోతుంది. వచ్చే నెల నుంచి సగం సిరీస్‌లకి మాత్రం క్లబ్ జాకెట్లు ఇచ్చి చూస్తాం.