బాక్సర్ స్టైల్ పట్టుకోవాలంటే ముందు కాళ్లు చూడండి

బాక్సింగ్ చూసేటప్పుడు అందరి కళ్లూ గ్లవ్స్ మీదే ఉంటాయి. నేను మాత్రం మొదటి రౌండ్ మొత్తం కాళ్లే చూస్తాను. ఎవరు దగ్గరికి దూరాలని చూస్తున్నారు, ఎవరు రానివ్వడం లేదు, ఇద్దరి మధ్య దూరం ఎవరి మాట వింటోంది? ఇది తెలిస్తే స్టైల్ సగం తెలిసినట్టే.

కొత్తగా చూసేవాళ్లెవరైనా అడిగితే నేను 1970ల హెవీవెయిట్ బాక్సర్లు ముహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్, జార్జ్ ఫోర్‌మన్ ఫైట్లు వరసగా చూడమంటాను. అలీ అవుట్ బాక్సర్, అంటే దూరం నుంచి ఆడేవాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి, పొడవాటి చేతులు, జాబ్ (ముందు చేత్తో వేసే సూటి దెబ్బ) విసురుతూ రింగంతా తిరుగుతూ అవతలివాణ్ని దూరంగానే ఉంచుతాడు. ఫ్రేజియర్ దానికి పూర్తిగా రివర్స్, స్వార్మర్ అంటారు. పొట్టి చేతులు కాబట్టి వంగి, నడుము ఊపుతూ జాబ్ కిందనుంచి లోపలికి దూరిపోయి పక్కటెముకల మీద కొడతాడు, ఆ తర్వాత ఎడమచేత్తో పక్కనుంచి తిప్పి కొట్టే లెఫ్ట్ హుక్. 1971 మార్చి 8న న్యూయార్క్‌లో, 15వ రౌండ్‌లో అలీని కింద పడేసింది ఆ హుక్కే.

అలీనే ఓడించినవాడు ఇక ఎవరినైనా కొట్టేస్తాడనుకుంటాం కదా, కానీ 1973 జనవరిలో జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఫోర్‌మన్ అతన్ని రెండు రౌండ్లలో ఆరుసార్లు పడేశాడు. ఫోర్‌మన్ స్లగ్గర్. కాళ్లు నెమ్మదే, కాంబినేషన్లు (వరసగా వేసే దెబ్బలు) పెద్దగా ఉండవు, తగిలిన ఒక్క దెబ్బ చాలు. ఆ ఫైట్‌లో అతని చేతులు జాగ్రత్తగా చూడండి: ఫ్రేజియర్ వంగి లోపలికి వస్తుంటే రెండు చేతులతో భుజాలు పట్టి వెనక్కి నెట్టేస్తాడు, మళ్లీ వస్తే కిందనుంచి అప్పర్‌కట్. వంగి వచ్చేవాడికి అప్పర్‌కట్ అంటే ఎదురొచ్చే లారీయే.

స్వార్మర్‌ని గుర్తుపట్టడం చాలా తేలిక, అవతలివాడు కొట్టబోయేదాకా ఆగి ఎదురుదెబ్బ కొట్టే కౌంటర్ పంచర్‌ని గుర్తుపట్టడమే కష్టం, ఎందుకంటే చాలాసేపు ఏమీ చేయనట్టే కనిపిస్తాడు. 2012 డిసెంబర్‌లో మార్కెజ్‌తో ఫైట్‌లో మానీ పాక్వియావ్ ఆరో రౌండ్ చివరి క్షణాల్లో ముందుకు దూకాడు, మార్కెజ్ కుడిచేయి సరిగ్గా ఆ దారిలోనే పడింది, అంతే, పాక్వియావ్ బోర్లా పడిపోయాడు. అది వాళ్లిద్దరికీ నాలుగో ఫైట్. పాక్వియావ్ ఎలా దూకుతాడో మార్కెజ్‌కి బాగా తెలుసు.

మన నిజామాబాద్ నిఖత్ జరీన్ ఫైట్లు కూడా ఇదే కంటితో చూడండి. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో థాయ్‌లాండ్ అమ్మాయి మీద 5-0తో గెలిచినప్పుడు చేతుల పొడవును ఎంత బాగా వాడుకుందో! అమెచ్యూర్‌లో మూడు రౌండ్లే కాబట్టి దూరం సంగతి మొదటి నిమిషంలోనే తేల్చేయాలి.

ఒక బాక్సర్‌కి ఒకే స్టైల్ అని మాత్రం రాసిపెట్టుకోకండి. 1974 అక్టోబర్ 30న కిన్షాసాలో ఫోర్‌మన్ ముందు అలీ తిరుగుతాడని అందరూ అనుకున్నారు. అతను మొదటి రౌండ్‌లో జాబ్ లేకుండా నేరుగా కుడిచేత్తో కొట్టాడు, రెండో రౌండ్ నుంచి తాళ్లకి ఆనుకుని ఫోర్‌మన్‌ని కొట్టనిచ్చాడు. అప్పటిదాకా 40 ఫైట్లలో ఓటమే లేని ఫోర్‌మన్ చేతులు అలిసిపోయాయి, ఎనిమిదో రౌండ్‌లో నాకౌట్. అందరూ చివరి దెబ్బే చూస్తారు, మీరు ఐదో రౌండ్ చూడండి, ఫోర్‌మన్ దెబ్బల్లో పస తగ్గడం స్పష్టంగా తెలుస్తుంది.