నాలుగున్నర రొయ్యల గుంట

మా మామకు మైపాడు దారిలో మూడెకరాల వెనామీ రొయ్యల గుంటలున్నాయి. నాకు నెల్లూరు దర్గామిట్టలో, అద్దింటి హాల్లో, రెండడుగుల గాజు తొట్టె ఉంది. రెండింట్లోనూ ఉప్పునీళ్లే. అయినా తొట్టెలో ఎన్ని చేపలు వేయాలో ముందుగా ఆయన్ని అడగాలని నాకు తోచలేదు. చెన్నై కొళత్తూరు వెళ్లి ఒక షాపులో అడిగాను.

తొట్టె 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 40 ఎత్తు. గుణిస్తే 72 లీటర్లు. ఆ అంకె వినగానే షాపతను "ఎనిమిది వేసుకోవచ్చు సార్" అన్నాడు. గ్యాలన్ నీళ్లకు, అంటే దాదాపు 3.8 లీటర్లకు, ఒక అంగుళం చేప అన్న పాత లెక్క అది. మంచినీళ్లలో బతికే చిన్న చేపల కోసం ఎవరో చెప్పుకున్న లెక్క. 30 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, సముద్రపు నీళ్లు ఆరుకు కాస్త పైన మాత్రమే పట్టుకుంటాయి. పైగా రెండంగుళాల చేప నాలుగంగుళాలు అయితే బరువు రెట్టింపు కాదు, దాదాపు ఎనిమిది రెట్లు అవుతుంది. తినేదీ, విసర్జించేదీ అదే దారిలో పెరుగుతాయి.

ఆ 72 కూడా నిజం కాదని ఇంటికొచ్చాక తెలిసింది. అడుగున ఇసుక, మధ్యలో రాళ్లు, పైన ఖాళీ పోను, బకెట్‌తో కొలిచి పోస్తే పట్టినవి 52 లీటర్లే.

కొత్త తొట్టెలో నీళ్లు కుదురుకోవడానికంటూ షాపతను ఒక నీలి డామ్సెల్ చేపను అంటగట్టాడు. అది గట్టి చేప, చావదన్నాడు. చావలేదు, నిజమే. కానీ చేప విసర్జనలోంచి వచ్చే అమ్మోనియా విషం. బాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తాయి. అవి కుదురుకుని అమ్మోనియా, ఆ తర్వాత నైట్రైట్ సున్నాకు దిగేసరికి అయిదు వారాలు పట్టింది. చేప లేకుండా చిటికెడు మేత కుళ్లబెట్టినా అదే పని జరిగేదని తర్వాత తెలిసింది. ఆ ప్రాణిని ఉత్తపుణ్యానికి హింసపెట్టాను. అది బదులు తీర్చుకుంది. రెండు చిన్న క్లౌన్ చేపలు తెచ్చి వదలగానే తొట్టె మొత్తం తనదే అన్నట్టు వాటిని పంపు వెనక మూలకు తరిమి నిలబెట్టింది.

మామ ఏదో ల్యాబ్ పని మీద టౌన్‌కు వచ్చి, మా ఇంటికి భోజనానికి వచ్చింది ఆ వారంలోనే.

"ఏందల్లుడూ, ఎన్నేసినావు?"

"మూడు మామా. ఇంకో అయిదు వేద్దామని."

"ఏ కౌంట్‌కు పడతావు?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. గుంటలో పిల్ల వేసేటప్పుడే, కిలోకు ఎన్ని తూగేటప్పుడు పట్టాలన్న లెక్క వాళ్లకు ఉంటుంది. అవసరమైతే మధ్యలో కొంత పట్టి పలచన చేస్తారు. "నువ్వు పట్టుబడి చెయ్యవు గదా. వేసినవన్నీ ముసలివయ్యేదాకా దాంట్లోనే ఉండాల. కొన్నప్పటి సైజు కాదబ్బా, ఆఖరి సైజు లెక్కేసుకో."

తర్వాత ఆయన లీటర్లు అడగలేదు, వైశాల్యం అడిగాడు. నీళ్లకు గాలి తగిలేది పైనే గదా. నా తొట్టెది 0.18 చదరపు మీటర్లు. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ వెనామీకి పెట్టిన పరిమితి చదరపు మీటరుకు 60. ఆ లెక్కన నా తొట్టెకు పదకొండు పిల్లలు. మామ మాత్రం ఎకరాకు లక్షే వేస్తాడు, అంటే మీటరుకు పాతిక. ఫోన్‌లో గుణించి చూపించాడు: నాలుగున్నర రొయ్యలు. మా ఆవిడ వంటింట్లోంచి పకపకా నవ్వింది.

"ఏరేటర్లు తిరగతా ఉండగా వేసే లెక్క లెక్కే కాదు. కరెంటు పోయిన రోజు, తెల్లారుజామున నాలుగింటికి ఎన్ని బతుకుతాయో అది లెక్క." 1990ల మధ్యలో తెల్లమచ్చ రోగం వచ్చి టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోయినప్పుడు ఈయన కుర్రాడు. వాళ్ల నాన్న చేసిన అప్పు తీర్చింది ఈయనే. అందుకని ఈయన మాట నేను తేలిగ్గా తీసుకోను.

డామ్సెల్‌ను పట్టడానికి రాళ్లన్నీ బయటికి తీయాల్సి వచ్చింది. ఒక ఆదివారమంతా పోయింది. పెద్ద తొట్టె ఉన్న ఒకాయనకు ఊరికే ఇచ్చేశాను.

మే నెలలో గాలివానకు రాత్రి పదకొండింటికి పోయిన కరెంటు అయిదింటికి వచ్చింది. మూత తీసేసి, సెల్‌ఫోన్ లైటు వేసుకుని కూర్చున్నాను. నీళ్లు 31 డిగ్రీలు. నాలుగింటికి రెండు క్లౌన్‌లూ పైకి చేరి మొప్పలు టపటపా ఆడిస్తున్నాయి. ఎనిమిది ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. మర్నాడే బ్యాటరీతో నడిచే గాలి పంపు కొన్నాను.

ఎన్ని అన్నది చివరికి తేల్చింది మాత్రం నైట్రేట్ టెస్ట్ కిట్. రెండు క్లౌన్‌లతో నైట్రేట్ వారానికి 2 పీపీఎం, అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు, పెరుగుతోంది. వారానికి 8 లీటర్లు, అంటే 15 శాతం నీళ్లు మారుస్తున్నాను. పెరిగేదాన్ని మార్చే వంతుతో భాగిస్తే ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది: 2ను 0.15తో భాగిస్తే 13. ఆరు వారాలు ఆగి మూడోది తెచ్చాను. క్లౌన్‌లు మధ్య నీళ్లలో ఉంటాయి కాబట్టి ఇసుకలో కూర్చునే పసుపు గోబీ చేపను ఎంచుకున్నాను. పెరుగుదల 3కు వచ్చింది, ఆగే చోటు 20. చేపలకు అది ఫర్వాలేదు. నాలుగోది వేస్తే 27 దగ్గరికి పోతుంది. దాన్ని మళ్లీ 20కి దించాలంటే వారానికి పదిన్నర లీటర్లు మార్చాలి. లీటరుకు 35 గ్రాముల ఉప్పు, ఆర్వో నీళ్లు, మెట్లెక్కి మోసేది నా నడుము. మూడు దగ్గర ఆగాను.

మూడో క్లౌన్‌ను వేద్దామని మధ్యలో అనుకోకపోలేదు. పుట్టినప్పుడు అవన్నీ మగవే, జంటలో పెద్దది ఆడదిగా మారుతుంది. ఇంత చిన్న తొట్టెలో ఆ జంట మూడోదాన్ని బతకనివ్వదు. మా అమ్మాయి నీలం టాంగ్ చేప కావాలని ఏడ్చింది. అది అడుగు దాకా పెరుగుతుంది. తొట్టె వెడల్పే అడుగు. స్కేలు తెచ్చి గాజు మీద పెట్టి చూపిస్తే, ఎటు తిరుగుతుంది పాపం అని తనే అంది.

వచ్చిన చుట్టాలందరూ "ఇంత తొట్టెకు మూడేనా" అంటారు. ఆ మాట పడలేక మొన్న ఒక క్లీనర్ రొయ్య తెచ్చాను. ఎర్ర వీపు, మధ్యలో తెల్ల చార. చేపల ఒంటి మీద శుభ్రం చేస్తుంది, నైట్రేట్‌లో తేడా కనపడనంత తక్కువ తింటుంది. మామ వంగి చాలాసేపు చూశాడు. ధర అడిగాడు, చెప్పాను. ఆ డబ్బుకు ఎన్ని కిలోల వెనామీ వస్తుందో లోపల లెక్కేసుకుంటున్నట్టు కాసేపు మాట్లాడలేదు.

"మేతేం వేస్తుండావు దీనికి?" అన్నాడు.